నాలుగు కర్రుల మడక

కదిలేదానికి చేతగాదు కానీ కాగేదానికి మాత్రం ముందుంటావు! నీ నీడన కూర్చుందామని వస్తే ఆ నీడ కూడా సుర్రుమంటాండాది. ఊరంతా ఇండ్లకు పోయి సంగటి ముద్ద మింగుతాంటే, నేను ఈ చేన్లో ట్రాక్టరుకు కాపలా. నా రాత కాకపోతే ఏందప్పా ఇది?

“మేయ్ ఓబక్కా, ఈడనే ఉండు, పిల్లోళ్ళు బోల్టులు ఊడబీక్కోని పోతారు” అని చెప్పి ఎద్దుల్ని తెచ్చేదానికి పోయినాడు నన్ను కట్టుకున్న మా ఆయప్ప. ఎద్దుల్ని! నిన్ను గుంతలోనుంచి లాగేదానికి! నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంటి.

ఏంది, అట్ల టిక్కు టిక్కుమంటావు? కోపమా? ఉండు, ఇంక నవ్వను. నీతో ఒక మాట చెప్పల్ల. డ్రైవరు హొన్నూరప్ప గొలుసు తెచ్చేదానికి పోయినాడు, మనిద్దరమే ఉండాము.

నువ్వు మంగళవాడకు వచ్చినపొద్దు జ్ఞాపకం ఉండాదా? యుద్ధం అయిపోయినాక బెంగళూరులో ఎవురో అమ్మేసిన సామాన్లలో నిన్ను పట్టుకొచ్చినాడు మా ఆయప్ప. చక్రం కింద నిమ్మకాయ పెట్టింది నేనే, హారతి ఇచ్చింది నేనే. మైసూరు దసరాలో మహారాజు అంబారీ ఎక్కినట్ల నీ మీద ఎక్కి కూర్చోని, ఊరి ముందర ఏమన్నాడు? “ఇంక మాకు ఎద్దులతో పనిలేదు. వచ్చే సంతకు తోలేస్తా” అన్నాడు.

హారతి తట్ట అప్పటికింకా నా చేతిలోనే ఉండె. దాన్ని ఆడనే పెట్టేసి కొట్టంలోకి పోతి.

మా బూడిదోడు, మచ్చోడు నీకు ఉత్త ఎద్దులే కావచ్చు. కరువులో తల్లి ఆవు చచ్చిపోతే గంజి తాపి, వేలు చీకించి సాకినా వాళ్ళను. కొట్టంలో నా అడుగు చప్పుడుకే ఇద్దరూ తల తిప్పి చూస్తారు. మా ఆయప్ప నా పక్క తల తిప్పి ఎన్నేండ్లాయనో! అట్లాంటోళ్ళను సంతకు తోలుతాంటే నేను చూస్తా ఊరకుంటానా, నువ్వే చెప్పు?

నీతో పాటు నేల దున్నే మడకలు రెండు వచ్చినాయి కదా. ఒకటి రెండు కర్రులది, ఇంకొకటి నాలుగు కర్రులది. “సామీ, దీని బలానికి రెండు కర్రులే. నాలుగు కర్రులది పెద్ద ట్రాక్టరుకు చేసింది, దీనికి కడితే లాగదు” అని హొన్నూరప్ప చెప్పినాడు. మా ఆయప్ప కూడా సరేనన్నాడు. నేను వాకిట్లో పేడ కలుపుతా విన్నా. ఎద్దును చూసి మడక కట్టల్లని మాకు మాత్రం తెలీదా ఏంది? నిన్నమొన్నటి కోడెకు పెద్ద మడక కడితే మెడ పుండై పడుకుంటాది. అప్పుడు తట్టింది నాకు.

ఈ పొద్దు తెల్లారే పటేలు, పెద్దమనుషులు మా అరుగు మీద కూర్చోనుండారు. మజ్జిగ పోస్తా పోస్తా, ఏమీ ఎరగనిదాని మాదిరి అన్నా. “అయ్యో, హొసకోటలో మా కొల్లప్ప బావ ట్రాక్టరుకు మూడు కర్రులంట కదా! మనకు రెండేనా?”

అంతే! కొల్లప్ప మా ఆయప్పకు దాయాది. ఆడ వాళ్ళు ఒకతూరి తుమ్మితే ఈడ ఈయప్ప రెండు తూర్లు తుమ్మల్ల. కొల్లప్ప ట్రాక్టరు నీకు రెండింతలుంటాదని ఈయప్పకు తెలుసు. తెలిస్తే ఏం లాభం, చెయ్యి అప్పటికే మీసం మీదికి పోయింది కదా! “హొన్నూరప్పా, నాలుగుది కట్టు!” అన్నాడు. ఆయన పాపం వద్దు వద్దంటానే కట్టినాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదే కదప్పా.

తర్వాత కథ నీకు తెలిసిందే. వాన తాగిన ఎర్రనేలలో నాలుగు కర్రులూ ఒకేసారి దిగె. నువ్వు కేక పెట్టి, నల్లపొగ కక్కి, ముందర చక్రాలు గాలికి లేపితివి. నీ రెక్క మీద కూర్చోనున్న మా ఆయప్ప “సామీ!” అని ఒకటే దూకు. నీ ఎనక చక్రాలు నేలను తవ్వుకుంటా తవ్వుకుంటా కడుపు దాకా దిగబడె. గట్టు మీద నుంచి పక్కచేను బోరమ్మ ఏమనిందో విన్నావా? “అక్కా, ట్రాక్టరు చేను దున్నేది యాడిది, మడకే దాన్ని పూడుస్తాండాది!” ఒకరు నవ్వకుండా ఉంటే ఒట్టు.

నేనూ నవ్వినా. ఎద్దులు నిలిచినాయి, గెలిచినా అనుకున్నా.

పోతా పోతా ఆయప్ప ఏమన్నాడో నువ్వూ విన్నావు కదా? “మడకది కాదు తప్పు, ఈ ట్రాక్టరే చిన్నది. బాయి కింద మడి అమ్మేసి కొల్లప్పదాని కంటే పెద్దది తెస్తా!” బాయి కింద మడి! మిగిలిన చేన్లన్నీ వానను నమ్ముకున్నవే. ఎండాకాలం మా పొయ్యి వెలిగేది ఆ మడితోనే. చెరపకురా చెడేవు అని ఊరికే అన్నారా!

ఏం చేసేది? నోరు మూసుకుంటే మడి పోతాది. నోరు తెరిస్తే నువ్వు రెండు కర్రులతో చక్కగా దున్నేస్తావు, ఎద్దులు పోతాయి.

సరే, విను. నాలుగు కర్రులది కట్టేట్ల నేనే ఎక్కదోసినానని ఆయప్పతో చెప్పేస్తా. తిడతాడు, తిట్టనీ. తప్పు పెండ్లాందని తేలితే ఆ మొగం ఎట్ల వెలుగుతాదో చూస్తావుండు, మడి మాటే మర్చిపోతాడు. హొన్నూరప్ప నీకు రెండు కర్రులది కడతాడు, ఊర్లో నీ పరువు నిలబడుతాది. మోయలేనిది నీకు తగిలించింది నేనే. నీకెంత నొప్పి పుట్టిందో ఏమో, మన్నించు నాయనా.

అయితే ఒక షరతు. అప్పుడప్పుడూ నువ్వు దిగబడల్ల. నడి చేన్లో, నలుగురూ చూస్తాండగా. నిన్ను లాగేదానికి ఇంట్లో ఒక జత ఎద్దులు ఉండి తీరల్లని ఆయప్పకు భయం పట్టుకోవల్ల, తెలిసిందా?

ఏం, కుదరదంటావా? నువ్వు తాగే సీమనూనె డబ్బా మా ఇంట్లో నీళ్ళ కడవ పక్కనే ఉంటాది. నా చెయ్యి అసలే వణుకుతాది, ఏది యాడ పోస్తానో నాకే తెలీదు.

అదిగో, గంటల చప్పుడు! మా బూడిదోడే ముందర వస్తాండాడు. కొంచెం ఏడుపు మొగం పెట్టప్పా. నేనూ పెడతా.