పెసరగింజంత మొహం

కొండంతలు నోరు విప్పాడంటే చేతిలో టీ చల్లారినట్టే. గోరంత జరిగితే కొండంత చెబుతాడని ప్రెస్సులో అందరూ కలిసి పెట్టిన పేరది. అసలు పని కంప్యూటర్లో పుస్తకాల పేజీలు కూర్చడం. ఆ మధ్యాహ్నం ప్రెస్సు పక్క టీ కొట్టులో అతనికి దొరికిపోయింది ఇద్దరు: ప్రూఫులు దిద్దే మాస్టారు, బైండింగు చేసే బావమరిది. బావమరిదికి ఈ కోతలంటే ఇష్టమే. అక్క పోయి పదకొండేళ్ళయినా బావ నోటి జోరు తగ్గలేదు కదా అని లోపల్లోపల సంతోషపడేవాడు కూడా.

“నిన్నొక ఫోటో పెద్దది చేశాను మాస్టారూ. పెద్ద ఘనకార్యమేం కాదనుకోండి. మన ప్రెస్సు వాళ్ళు ఎప్పుడో వేసిన చిన్న పుస్తకం పీడీఎఫ్ ఉందిగా, అందులో మన కుటుంబాలన్నీ కలిసి దిగిన గ్రూపు ఫోటో, మూడో వరసలో మా ఆవిడ. మొహం పెసరగింజంత. మా ఇల్లు కురిసి ఫోటోలన్నీ ముద్దయిపోయాక మిగిలింది అదొక్కటే. గోడకి పెట్టుకుందామని పదింతలు లాగాను.”

“నాకూ పంపావుగా,” అన్నారు మాస్టారు. “తెరిస్తే మొహం ఎక్కడయ్యా? గళ్ళ దుప్పటి కనిపించింది.”

“నా ఫోన్లో అయితే తడిగుడ్డతో తుడిచినట్టుంది బావా.”

“బొమ్మలు తెరిచి చూపించే మీ వ్యూయర్లు అలా ఏడిశాయి! నా దాంట్లో చూడాలి. పదింతలకి కనుబొమలు తేలాయి. వందింతలకి చెవి కమ్మ, కమ్మలో రాళ్ళు, ఏడు, లెక్కపెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెయ్యింతలు లాగేసరికి కంటిపాపలో ఫోటోగ్రాఫరు నిలబడి ఉన్నాడు! వాడి చొక్కాకి రెండో బొత్తాం లేదు. వాడి వెనక గోడ గడియారం, టైము నాలుగూ పది.”

“ముల్లు కదిలిందా అన్నయ్యా?” టీ కొట్టావిడ నవ్వు ఆపుకుంటూ అడిగింది.

“కదలకేం? నేను చూస్తుండగానే నాలుగూ పదకొండైంది! వదుల్తానా, ఇంకా లాగాను. బొమ్మ స్క్రీన్లో పట్టలేదమ్మా. బల్ల మీదికి జారి, కిటికీలోంచి వీధిలోకి పోయింది. ఆవిడ జడ రోడ్డుకి అడ్డం పడి రెండు బస్సులు ఆగిపోయాయి. డ్రైవర్లు ఒకటే హారన్లు. ‘కాస్త ఆగండయ్యా, పదకొండేళ్ళ తర్వాత మా ఆవిడ వస్తోంది’ అన్నాను. ఒట్టు! అప్పుడు రెప్ప వేసింది మాస్టారూ. ఒక్కసారే. పెదవి విప్పి ‘తిన్నారా’ అని అడగబోయింది. ఇంకొక్క రవ్వ లాగితే వినపడేదే, కరెంటు పోయింది.”

ఎవరూ నవ్వలేదు. కొండంతలు ఒక గుక్క టీ తాగి మళ్ళీ అందుకున్నాడు.

“ఇక ఆ గడ్డం మీద పుట్టుమచ్చ, ఎంత నిండుగా ఉందనీ! అసలు ఆ మచ్చ చూసే కదా నేను పెళ్ళికి ఒప్పుకుంది.”

బావమరిది గ్లాసు కింద పెట్టేశాడు. చెప్పాలా వద్దా అని తటపటాయించాడు. ఊరుకుందామంటే, ఆ బొమ్మ రేపు గోడకెక్కుతుంది. ఇక ఇంట్లో అందరికీ అదే అక్క అయిపోతుంది.

“బావా, అక్కకి పుట్టుమచ్చ లేదు.”

“ఉందిరా! చూశానంటుంటే!”

“లేదు బావా. చిన్న బొమ్మ తెచ్చి పెద్దది చెయ్యమనే ప్రతి పార్టీకీ నువ్వేగా చెబుతావు? బొమ్మలో ఉన్నవి గుప్పెడు చుక్కలు, ఒక వ్యూయర్ చుక్కకో గడి చొప్పున చూపిస్తుంది, ఇంకోటి పక్కపక్క చుక్కల రంగులు కలిపి పూసేస్తుంది కాబట్టి మసకేస్తుంది, ఎంత లాగినా అందులో లేనిది రాదండీ అని. నీకు కనిపించిన మచ్చ కూడా అంతే. ఏదో నల్ల చుక్క సాగింది.”

కొండంతలు చేతిలో గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. టీ కొట్టావిడ స్టవ్ మంట తగ్గించింది.

“నాకు తెలీదనుకున్నావట్రా,” అన్నాడు చివరికి, గొంతు బాగా తగ్గించి. “నడక గుర్తుంది. కోపం గుర్తుంది. మొహమే రావట్లేదురా. ఎంత గింజుకున్నా రావట్లేదు. ఎవరితోనైనా చెప్పుకుంటే నవ్విపోతారు.”

మాస్టారు తల పక్కకి తిప్పుకున్నారు. కొండంతలు బల్ల మీద కాస్త జరిగి బావమరిదికి చోటిచ్చాడు.

“ఇలా వచ్చి కూర్చో. ఎలా ఉండేదో నువ్వు చెప్పు. నేను మధ్యలో మాట్లాడనులే.”