మూడో సంతకం

గోదావరిఖనిలో ఒక కొత్త ఇల్లు. గోడల రంగు వాసన ఇంకా పోలేదు, గృహప్రవేశానికి ఐదు రోజులుంది. ఫస్టు షిఫ్టు దిగిన ప్రశాంత్ అన్నం కూడా తినకుండా వచ్చి, కాగితాల కవరు ఒళ్లో పెట్టుకుని అక్క సంతోషి కోసం కాచుకుని కూర్చున్నాడు. ఆమె వచ్చింది. వచ్చినప్పటి నుంచి అతను ఆమె మొహం తప్ప అన్నీ చూస్తున్నాడు.

"ఆటోను పంపియ్యకపోయినవా అక్కా? నేను బండి మీద దింపుదును గద."

"ఉండనియ్యి. మాట్లాడుకునే తెచ్చిన."

"ఎంతసేపుంటడు వాడు?"

"ఉంటడు. నీకేంది ఫికర్? సంతకం ఏడ పెట్టాలె?"

"గీడ. ఇంకోటి గీడ. సోమారం ఒక్కసారి రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వస్తే అయిపోతది."

"బ్యాంకు పనికి మల్ల గా ఆఫీసెందుకు?"

"లోను తీసినప్పుడు పోలేదా, గట్లనే. లోను మూసేస్తున్నం గద. సబ్సిడీ పడ్డది, ఇగ దానితోని పని లేదు."

"అంటే, పైసలుండంగనే లోను తీసినవా తమ్మీ?"

"బాపు నౌకరి దిగిపోయినప్పటి పైసలు బ్యాంకుల ఉండనే ఉండె. కానీ లోను తీస్కుంటెనే సర్కారు సబ్సిడీ ఇస్తది, నగదు పెట్టి కొన్నోనికి ఇయ్యది. అందుకని ఏడాదికని తీసినం. ఈడ చానమంది చేస్తున్నదే."

"నా పేరు మీద."

"నీ పేరు... ఊకె, పేరుకే. కిస్తులన్నీ నేనే కట్టిన."

"నీ పెండ్లాం దీప పేరు మీద ఎందుకు తియ్యలే?"

"దీపకు మంచిర్యాలల వాళ్ల నాయిన రాసిచ్చిన ఇల్లున్నది గద. మొగనికి గానీ పెండ్లానికి గానీ యాడన్న పక్కా ఇల్లుంటె సబ్సిడీ రాదు. నీకు లేదు గనుక..."

"నాకు లేదు."

"అవు. నీళ్లు తాగుతవా?"

"వద్దు. నా పని అడుగుమంటిని, అడిగినవా?"

"ఏ పని?"

"ఏ పనా! సర్కారు ఇండ్ల లిస్టు. మొదటి లిస్టుల నా పేరుండె. రేకులు తీసి స్లాబేసుకుంటనని జాగల పునాదికి ముగ్గు గూడ పోసుకుంటి. రెండో లిస్టుల తీసేసిండ్రు. ఎందుకో కనుక్కోమని పది రోజుల కింద చెప్తి."

"డ్యూటీల పడి... ఒకసారి పోయిన. సారు లేకుండె."

"ఏ సారు?"

"గదే, పొట్టిగుంటడు సూడు."

"ఆ సీట్ల ఉన్నది మేడం రా."

"మేడమో సారో, ఎవరైతేంది? మల్ల లిస్టు వస్తది అక్కా. నువ్వైతే సంతకం పెట్టు, జల్ది. ఐతారం గృహప్రవేశమాయె, దీప వాళ్లోళ్లందరు వస్తరు, ఇంక సామాన్లు తేవాలె..."

"బాపును దవాఖానల బొగ్గు బాయి పనికి అన్‌ఫిట్ చేసిన నాడు గూడ గిట్లనే జల్ది జల్ది అన్నవ్."

"గది ఎందుకిప్పుడు?"

"యాదికొచ్చింది. బాపు నౌకరి తమ్మునికి ఇయ్యుండ్రి, నాకేం అభ్యంతరం లేదని రాసిచ్చిన. అప్పటికి మీ బావ సచ్చిపోయి నాలుగు నెలలు. కొడుక్కే గాదు, బిడ్డకు గూడ ఇస్తరమ్మా, ఆలోచించుకో అని యూనియనాయన చెప్పిండు. వద్దన్న. తమ్ముడు నన్ను చూసుకుంటడన్న."

"చూసుకుంటలేనా?"

"లేదన్ననా?"

"ప్రతి బతుకమ్మకు చీర—"

"పెట్టినవ్. ఎవలు కాదన్నరు? గది మొదటి సంతకం. బ్యాంకుల పెట్టింది రెండోది. ఇది మూడోది. ఏమున్నది రా దీంట్ల?"

"చెప్పిన గదక్కా, లోను..."

"చదువు. నా అద్దాలు తేలే."

"ఏముంటది, బ్యాంకోళ్ల రాతలు."

"చదువు తమ్మీ."

"పొద్దటి సంది బువ్వ తినలే అక్కా. కండ్లు తిరుగుతున్నయ్."

"పైన పెద్ద అక్షరాలున్నయ్ గద, గవ్వి చదువు చాలు."

"...దానపత్రం."

"ఎవలు ఎవలికి చేస్తున్నరు దానం?"

"నువ్వు. నాకు."

"నాకేమున్నది రా దానం చేసెతందుకు? రేకుల షెడ్డా?"

"ఈ ఇల్లు. ఈ ఇల్లు నీ పేరు మీదనే ఉన్నదక్కా. లోను ఎవరి పేరు మీదుంటె ఇల్లు గూడ వాళ్ల పేరు మీదనే ఉండాలె. ఆనాడు ఆఫీసుల ఫోటో దిగిపిచ్చి, లోను పనే అని చెప్పిన. కొన్నది నువ్వేనని చెప్పలే. అందుకనే లిస్టుల నీ పేరు కొట్టేసిండ్రు. నీ ఆధార్ కొడితే పక్కా ఇల్లున్నదని, సబ్సిడీ గూడ తీస్కున్నదని వస్తది. నాకు తెల్సు. లోను పెట్టిన నాడే తెల్సు. ఆమెకు ఇగ సర్కారు ఇల్లు రాదు, చెప్పినవా అని బ్యాంకాయన అడిగిండు. చెప్పిన అన్న."

"ఊఁ."

"ఆఫీసుకు నేను పోనే లేదక్కా. ఏ మొఖం పెట్టుకొని పోవాలె? ముగ్గు పోసుకున్న నాడు రమ్మన్నవ్, సెకండ్ షిఫ్టున్నదని తప్పిచ్చుకున్న. షిఫ్టు లేదు ఏం లేదు. పొద్దుగూకేదాక గోదారి ఒడ్డున కూసున్న. తప్పు చేసిన అక్కా. తిట్టు, కొట్టు, ఏమన్న చెయ్యి, గట్ల సూడకు."

"ఏడ్వకు. పొద్దుగాల గా మేడం కాడికి నేనే పోయిన."

"పోయినవా?"

"కంప్యూటర్ల చూసి, నీకు ఇల్లున్నది గదమ్మా అన్నది. లేదన్న. సచ్చిపోయిన బాపు మీద ఒట్టేసిన రా. అప్పుడు కాయితం తీసి చూపిచ్చింది. నా పేరు, నా ఫోటో, ఈ ఇంటి నెంబరు."

"మరి వచ్చినప్పటి సంది ఎందుకు..."

"నువ్వే చెప్తవని చూసిన."

"మేడం ఏమన్నది?"

"నా పేరు మీద ఇంకొకలు మోసం చేసిండ్రని రాసియ్యుమన్నది. కేసయితదట. నా పేరు మల్ల లిస్టుల చూస్తరట."

"కేసా! నా నౌకరి పోతదక్కా!"

"తెల్సు. బాపు బొగ్గు బాయిల ఊపిరి పోగొట్టుకొని ఇచ్చిన నౌకరి. పోనిస్తనా?"

"మరేం రాసినవ్?"

"ఇల్లు నాదే, నేనే కొనుక్కున్న, ఆ ఇంట్లనే ఉంటున్న, సర్కారు ఇల్లు నాకు వద్దని రాసిన. మూడో సంతకం ఆడనే అయిపోయింది."

"నీ కాళ్లు మొక్కుత అక్కా. నన్ను బతికిచ్చినవ్. ఈ కాయితానికి తొందరేం లేదు, ఎప్పుడన్న తీరిగ్గ పెడుదువు తియ్..."

"కాయితం లోపల పెట్టి లెవ్వు. ఈడ నిజంగ ఉంటున్ననో లేదో రేపు చూస్తానికి వస్తరట. ఆటోల నా కుట్టుమిషనున్నది, బరువు. ఓ చెయ్యి పట్టు."