కత్తెర మాస్టారు ఎత్తిన చెయ్యి

ఆ చొక్కా ఇలా ఇవ్వు, రేపు కౌన్సిల్ మీటింగుకి తొడుక్కునేది అదేగా? చంకల దగ్గర పట్టేస్తోందని నిన్న అన్నావు, కుట్టు విప్పి వదులు చేస్తాను. ఆ కుర్చీ కాస్త జరుపుకో, వెలుతురుకి అడ్డం వస్తున్నావు. ఏమిటీ, ఇంటిపన్ను తగ్గిస్తామంటే ఎవరైనా వద్దంటారా నాయనమ్మా అంటావా? ఎవరూ వద్దనరు. నేను మాత్రం వద్దంటానా, నాకూ ఇల్లుంది. అది కాదురా, దాని వెనకాలే ఇంకో మాట అన్నావు చూడు, బీదగా ఉండటం వాళ్ళు ఎంచుకున్నదే, కష్టపడితే పైకి రారా, మా తాత రాలేదా అని. దానికి నవ్వొచ్చింది నాకు. అచ్చం మీ తాత గొంతే. నన్ను నాయనమ్మా అంటావుగానీ నేను ఆయన చెల్లెల్ని, నాకు తెలియదూ? ఆ చెయ్యి ఊపడం కూడా మా అన్నయ్యదే. నీకు ఊహ తెలిసేసరికే ఆయన పోయాడు, ఎలా అబ్బిందో ఏమో.

మా అన్నయ్యని ఊళ్ళో అందరూ కత్తెర మాస్టారు అనేవాళ్ళు. టైలరు కాబట్టి అనుకుంటున్నావేమో, కాదు, ఆ నోరు అలాంటిది. షాపులోకి ఎవరొచ్చినా ముందు మాట పడేది, తరవాతే కొలత. 'ఈ గుడ్డతో కోటు రాదండీ, దిండు గలీబు వస్తుంది, కుట్టమంటారా?' అనేవాడు పెద్ద వకీలుగారంతటి మనిషితో. ఆయన నవ్వుతూ కూర్చునేవాడు. ఎందుకు కూర్చోడు, మా అన్నయ్య కోటు కుడితే భుజాల మీద వేసినట్టుండదు, మొలిచినట్టుంటుంది. పనంటే అంత ప్రాణం పెట్టే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మీ నాన్నని కూడా కలిపే అంటున్నాను, ఏమీ అనుకోకు. కుట్టు వంకర పోతే అది లోపలివైపైనా సరే, విప్పి మళ్ళీ కుట్టేవాడు. 'లోపల ఎవరు చూస్తారన్నయ్యా?' అంటే 'నేను చూశానుగా' అనేవాడు. ఆఁ, ఏం చెబుతున్నాను? షాపు బాగా సాగింది, ఇల్లు కట్టాడు, నీలాగే వార్డు మెంబరయ్యాడు. అప్పుడు కాస్త కళ్ళు నెత్తికెక్కాయి, దాచడం ఎందుకు. ఎవరైనా కష్టం చెప్పుకోవడానికి వస్తే రెండు చేతులూ చాపి చూపించేవాడు. 'ఇవిగో, ఈ పది వేళ్ళే నా ఆస్తి. నేనూ ఒంటిగది కొంపలో పుట్టినవాణ్ణే. పేదరికాన్ని ఎవరూ మీ నెత్తిన పెట్టలేదు, మీరే దింపుకోకుండా మోస్తున్నారు' అనేవాడు. పాపం, విన్నవాళ్ళు తల వంచుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

అలాంటి రోజుల్లోనే ఇంటిపన్ను సగానికి తగ్గించే తీర్మానం వచ్చింది. పన్ను తగ్గితే రాబడి తగ్గుతుంది కదా, అంచేత ఏదో ఒకటి ముయ్యాలి. ఏం మూశారు? చైర్మన్ గారి కారు మూశారా? లేదు. మార్కెట్టు వెనకాల పిల్లల గది మూశారు. పనికెళ్ళే ఆడవాళ్ళు పొద్దున్నే పిల్లల్ని అక్కడ దింపి సాయంత్రం తీసుకెళ్ళేవాళ్ళు. నేల మీద చాపలు, కిటికీలకి చెక్క బద్దలు, చూసుకోవడానికి ఒక ఆయమ్మ, అంతే. 'కన్నవాళ్ళు చూసుకోవాలిగానీ ఊరు చూసుకోవడమేమిటి?' అంటూ చెయ్యెత్తాడట మా అన్నయ్య.

మా షాపులో కాజాలు కుట్టే ఆవిడ ఒకత్తె ఉండేది. మొగుడు పోయాడు, ఒక్కడే చంటివాడు. నోట్లో నాలుక లేని మనిషి. మా అన్నయ్య నోటి వెంట మెచ్చుకోలు విన్నది ఆవిడొక్కత్తే, నన్ను కూడా ఎన్నడూ మెచ్చుకోలేదు. కాజా అంటే ఏదో గుండీ దూరే బొక్క అనుకోకు. కోటంతా కుట్టడం అయ్యాక, చిట్టచివర ఆ గుడ్డని కోసి చుట్టూ దారం తిప్పాలి. అక్కడ చెయ్యి తప్పితే కోటు మొత్తం పోయినట్టే. ఆవిడ ఉన్నట్టుండి రావడం మానేసింది. వకీలుగారి కోటు కాజాల్లేకుండా మేకుకి వేలాడుతోంది. మా అన్నయ్య ఒంటికాలి మీద లేచాడు. 'చూశావా, పనుంది, జీతముంది, అయినా రాదు. నేను మొత్తుకునేది ఇదే. వీళ్ళకి ఇలా బతకడమే హాయి.' నాలుగు దులిపేసి వస్తానని బయల్దేరాడు. ఒక్కడే వెళితే బాగుండదని నన్నూ రమ్మన్నాడు.

ఇల్లంటే ఒకటే గది. తలుపు తీసే ఉంది. ఓ మూల పొయ్యి, ఓ మూల మంచం, మధ్యన నిలబడితే రెండూ చేతికందుతాయి. పొయ్యి మీద ఎవరివో దుప్పట్లు ఉడకబెడుతోంది, ఇంటికి తెచ్చుకుని ఉతికే పని పట్టుకుందన్నమాట. పిల్లాడు మంచం కోడుకి కట్టేసి ఉన్నాడు. అలా చూడకు. నడుముకి మెత్తటి గుడ్డ చుట్టి, ఒరుసుకోకుండా దాని మీద కట్టింది. వాడు ఎంత పాకినా పొయ్యికి జానెడు ఇవతలే ఆగుతాడు. మా అన్నయ్య దులపడానికి నోరు తెరిచాడు, ఆ తాడు వంక చూశాడు, వంగి దాన్ని చేత్తో పట్టుకున్నాడు. అది తాడు కాదురా. కొలతల టేపు. అంకెలు అరిగిపోయాయని షాపులో ఈయనే పారేశాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ లేచింది. 'కోపం చేసుకోకండి మాస్టారూ. ఆ గది మూశాక ఒకరోజు వీణ్ణి ఇలాగే కట్టేసి, తలుపేసి వచ్చాను. సాయంత్రం వచ్చేసరికి ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది, నోరు తెరుస్తున్నాడుగానీ చప్పుడు రావడం లేదు. మీ పనా, వీడా తేల్చుకోవాల్సి వచ్చింది. వీణ్ణే ఎంచుకున్నాను' అంది. ఏడవలేదు, దెప్పలేదు. పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, కూర్చోమని మంచం మీద చోటు చేసింది. మేం కూర్చోలేదు.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని వేళ్ళు చూసుకుంటున్నాడు. నాకు జాలీ వేసింది, కోపమూ వచ్చింది. నేను ఊరుకునే రకం కాదని నీకు తెలుసుగా. 'ఆ పది వేళ్ళూ నీవే అన్నయ్యా, కాదన్నదెవరు. వాటిని నువ్వు పొయ్యిలో పెట్టకుండా కాసిందెవరు? అమ్మ ఇటుకలు మోసే రోజుల్లో మనిద్దరం ఎక్కడున్నాం?' అన్నాను. ఆ గదిలోనేరా. అక్కడే పెరిగాం. ఆ కిటికీ బద్ద మీద నా పళ్ళ గాట్లు ఉండేవి, పళ్ళొచ్చే వయసులో కొరికేదాన్నని ఆయమ్మ చూపించి నవ్వేది. మా అన్నయ్యకి తెలియక కాదు, మరిచిపోయాడు. మరిచిపోతే హాయిగా ఉంటుంది కాబట్టి మరిచిపోయాడు.

ఇదిగో, ఇక్కడే ఆయనంటే నాకు గౌరవం. ఇంకొకడైతే ఆవిడ చేతిలో గుట్టుగా ఏదో పెట్టి మనసు కడుక్కునేవాడు. ఈయన కౌన్సిల్లో లేచి, పన్ను మళ్ళీ ఎప్పట్లాగే పెట్టండి, ఆ గది తెరవండి అన్నాడు. చైర్మన్ గారు ముక్కుతో మాట్లాడేవాడులే. 'మాస్టారూ, మొన్న చెయ్యెత్తింది తమరేనా?' 'నేనే. ఈ చెయ్యే.' 'మరి?' 'కుట్టు తప్పు పడింది, విప్పుతున్నాను.' గొల్లున నవ్వారట. 'పేదరికం వాళ్ళు ఎంచుకున్నదే అనేవారుగా?' అని ఇంకొకడు. 'అన్నాను. బిడ్డనీ, కూడునీ రెండూ ఆవిడ ముందు పెట్టి, ఒకటే తియ్యమన్నది మనం. ఆవిడ తీసిందాంట్లో తప్పుంటే చెప్పండి' అన్నాడట. కానీ చేతులెత్తమంటే ఎత్తింది ఈయనొక్కడే.

ఓడిపోయి ఊరుకున్నాడా? షాపు సగం ఖాళీ చేయించాడు. కత్తెరలు మేకులకెక్కాయి, సూదులన్నీ డబ్బాల్లోకి పోయాయి, గుడ్డ కత్తిరించే బల్ల కింద చాపలు పరిచాం. కాజాలావిడ పిల్లాడితో సహా పనిలోకి వచ్చింది. మార్కెట్టులో మూటలు మోసే ఆడవాళ్ళు తమ పిల్లల్నీ తెచ్చి దింపారు. ఆయమ్మ ఎవరంటావా? నేనే. 'నీ నోటికి పిల్లలే సరిజోడు' అన్నాడు, ఇంకేం అడుగుతాను. ఓసారి వకీలుగారి కొత్త కోటు మీద ఒకడు శుభ్రంగా పోసేశాడు. ఆయన మళ్ళీ రాలేదు, ఆయన్ని చూసి ఇంకా చాలామంది రాలేదు. ఎన్నికల్లో చిత్తుగా ఓడాడు, పన్ను పెంచమన్నవాడికి ఓటెవరు వేస్తారు? ఒక్కనాడు కూడా అయ్యో అనుకోగా నేను చూడలేదు. ఆ కాజాలావిడ కొడుకా? పెద్దయ్యాడు, ఏదో పని చేసుకుని బతికాడు. గొప్పవాడేమీ కాలేదు. ఒళ్ళు కాలకుండా పెరిగాడు, చాలదా?

ఆ గది మళ్ళీ తెరిచింది మా అన్నయ్య పోయాకే. వేరే కౌన్సిల్ వచ్చి తెరిచింది. చూడలేదు పాపం. రేపు మీరు మూద్దామంటున్నది ఆ గదే కదూ? ఏదో ఒకటి ముయ్యాలి నాయనమ్మా, అంటావు. అవునులే, ముయ్యాలి. ఇదిగో, చొక్కా అయిపోయింది. తొడుక్కో. కాలరు సరిగ్గా మడుచుకో. ఇప్పుడు చెయ్యెత్తి చూడు, పట్టేస్తోందేమో. ఏం, ఎత్తవేం? సరే, ముందు నా చేతిలోంచి జారిన సూది ఎక్కడ పడిందో చూడు, కాలికి గుచ్చుకుంటుంది.