నమూనా పిల్ల

హాల్లో నలభై కుర్చీలు వేశారు. చదువు అబ్బని పిల్లల్ని అర్థం చేసుకోవడమెలాగో నేర్చుకుందామని నలభై బళ్ళ నుంచి టీచర్లు వచ్చి కూర్చున్నారు. వాళ్ళకు చూపించబోయే పిల్లను నాలుగో తరగతి టీచరమ్మ పక్కనున్న స్టాఫ్ రూములో నిలబెట్టి, ముందుగా ఒకసారి చదివించి చూసుకుంటోంది.

"ఆగాగు. మళ్ళీ చదువు."

"మళ్ళీనా టీచర్? ఒక్క తప్పు కూడా పోలేదుగా!"

"అందుకే మళ్ళీ చదవమంటున్నా."

"'వాన వెలిసింది. చూరు కింద నిలబడ్డ వాళ్ళంతా మళ్ళీ దారి పట్టారు. ముసలామె మాత్రం...'"

"చాలు చాలు. బట్టీ పట్టావు కదూ?"

"లేదు టీచర్, ఒట్టు!"

"ఏదీ, ఈ పేజీ చదువు. ఇది మనం చెప్పుకున్న పాఠం కాదు."

"'గడి...యారాలు బాగుచేసే ఆయన... కళ్ళజోడు తుడుచుకుని... మూత తెరిచాడు.' వచ్చేసింది టీచర్! చూశారా, వచ్చేసింది!"

"నా కొంప ముంచావు కదే."

"అదేంటి టీచర్?"

"ఎవరు నేర్పారు నీకు? సెలవులకు ముందు ఒక్క ముక్క వచ్చేది కాదుగా?"

"మా అత్త. అట్టముక్కకి సన్నగా కంత కోసిచ్చింది. ఇదిగో, ఇలా పెట్టుకుంటే ఒక్క లైనే కనిపిస్తుంది. మిగతావన్నీ మీద పడకుండా..."

"ఆ అట్ట ఇలా ఇవ్వు."

"అది లేకపోతే నాకు..."

"ఇవ్వమన్నానా!"

"ఇదిగోండి."

"ఇప్పుడు చదువు."

"'గడి... గడియా... కళ్ళు... బాగు... తుడి...' టీచర్, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి."

"అదీ! నా బంగారుతల్లివి కదూ! అక్కడ ఇలాగే చదవాలి."

"ఇలాగా? తప్పుల్తోనా?"

"తప్పుల్తోనే."

"అందరూ నవ్వుతారు టీచర్."

"ఎందుకు నవ్వుతారు? వాళ్ళేమన్నా చిన్నపిల్లలా? రాసుకుంటారు. నీలాంటివాళ్ళు ఎలా చదువుతారో చూద్దామనే కదా పనులు మానుకుని వచ్చింది! నువ్వు గడగడా చదివేస్తే వాళ్ళేం నేర్చుకుంటారు? నీ గురించి పన్నెండు పేజీలు రాసి పైకి పంపాను. నా పరువేం కావాలి?"

"పోనీ అట్ట లేకుండా ఒకసారి, అట్టతో ఒకసారి చదవనా? అప్పుడు వాళ్ళకి..."

"ఏంటేంటీ? మొన్నటిదాకా నోరు పెగలని దానివి, ఇవాళ నాకే పాఠం చెబుతున్నావా?"

"అది కాదు టీచర్. నాకు బాగా చదవాలనుంది. ఇన్నాళ్ళూ ఎవరి ముందూ చదవలేదు కదా."

"నీ చెల్లెలు ఏ క్లాసు?"

"మూడు."

"వచ్చే ఏడాది?"

"నాలుగు."

"నువ్వు? రెండేళ్ళుగా నాలుగులోనే ఉన్నావు. ఈసారీ తప్పావనుకో, ఎవరి పక్కన కూర్చుంటావు?"

"వద్దు టీచర్."

"ఎవరి పక్కన? చెప్పు."

"మా చెల్లి పక్కన."

"చెల్లెలి పక్కన. బెంచీ మీద ఇద్దరికీ చెరో సగం. అలా కాకుండా ఇవాళ నేను చెప్పినట్టు చదివావంటే, నిన్ను ఐదుకి పంపేస్తాను."

"నిజంగా ఐదుకా?"

"నిజంగా."

"ఒట్టు?"

"ఒట్టేనే తల్లీ."

"ఎన్ని తప్పులు చదవాలి టీచర్?"

"లైనుకి రెండు. మధ్యలో పుస్తకం వదిలేసి కాసేపు కిటికీలోంచి బయటికి చూడు."

"బయట ఏముంది?"

"ఏమీ లేదు. ఊరికే చూడు. నీకు ధ్యాస నిలవదని కూడా రాశాను."

పావుగంట గడిచింది. హాల్లో మైకు పెద్ద సారు చేతిలో ఉంది. టీచర్లకు పాఠం చెప్పేదీ ఆయనే, ఏ పిల్ల ఏ తరగతిలో కూర్చోవాలో తేల్చేదీ ఆయనే.

"చూశారుగా అందరూ? లైనుకి రెండు తప్పులు. మూడో లైనుకే చూపు కిటికీ మీదికి పోయింది. పుస్తకాల్లో చదువుకున్నది చదువుకున్నట్టు కళ్ళముందు కనపడటం నాకే ఇది మొదటిసారి. టీచరమ్మగారూ, మంచి పిల్లని పట్టారు!"

"అంతా మీ చలవ సార్."

"పాపా, ఇంట్లో ఎవరైనా దగ్గర కూర్చోబెట్టుకుని చదివిస్తారా?"

"మా అత్త..."

"ఎవరూ పట్టించుకోరు సార్. అన్నీ నేనే చూసుకోవాలి."

"ఇంతకన్నా బాగా చదవగలవా పాపా? టీచర్ వైపు కాదు, నా వైపు చూసి చెప్పు."

"చదవలేను సార్."

"పాపం. టీచరమ్మగారూ, ఇలాంటి పిల్లని నాలుగులో ఉంచడం అన్యాయమండీ. ఇప్పుడే రాసిచ్చేస్తాను. రేపటినుంచి రెండో తరగతిలో కూర్చోబెట్టండి."

"రెండా సార్? నేను ఐదుకి..."

"ఐదేంటండీ? ఒక్క ముక్క రాదని మీరే రాశారుగా! ఇప్పుడు నలభైమంది చెవులారా విన్నారు. కాదంటారా?"

"లేదు సార్. మీరెలా అంటే అలాగే."

"సార్, మా చెల్లి మూడు."

"ఇంకేం, మరీ మంచిది! సాయంత్రం ఇంటికెళ్ళాక అదే నీకు చెబుతుంది. ఏదీ, అందరూ పాపకి ఒకసారి చప్పట్లు కొట్టండి."

"టీచర్... టీచర్, ఇప్పుడు బాగా చదవనా?"