సొరనూనె తాగిన వాషింగ్ మిషను

"మామ్మా, ఈ వాషింగ్ మిషను నువ్వే బాగుచేసేవంట కదా? చెప్పవా, రికార్డు చేస్తాను."

ఎవరు చెప్పేరే నీకు, మీ నాన్నా? ఆడు చెప్పడులే, ఆడికి సిగ్గు. మీ అమ్మ చెప్పుంటాది. సరే, ఆ ఫోను ఎండుచేపల గంప మీద కాదు, గట్టు మీద పెట్టు. లేకపోతే రేపు కాలేజీలో నీ ఫోను కూడా చేపల కంపంటారు. ఆ కంపు సంగతికే వస్తన్నాను, ఉండు.

ఇది మీదే కదా. సామర్లకోటలో మీ పెరటి వసారాలో నాలుగేళ్ళు పడుంది. కొత్తది కొన్నాక మీ అమ్మ దీంట్లో ఉల్లిపాయలు పోసుకునేది. నాకేమో మొన్న వానాకాలంలో ఈ కుడి భుజం పట్టేసింది. గంప ఎత్తడానికి పక్కింటి నూకరత్నం ఓ చెయ్యేస్తాది, తునిలో దింపడానికి ఆటోవోడున్నాడు. గుడ్డలు పిండడమే అవ్వట్లేదు. మీ నాన్న అది పట్టుకున్నాడు. నీ గుడ్డలే ఉతుక్కోలేవు, ఇంకా ఎండుచేపల బేరమేంటమ్మా, ఇల్లు అద్దెకిచ్చేసి మా ఇంటికి వచ్చెయ్ అన్నాడు. ప్రేమనుకునేవు. ఆఫీసులో తల్లి ఎండుచేపలమ్ముద్దని చెప్పుకోలేడు, అదీ సంగతి. ఇక్కడికొస్తే గుమ్మంలోనే ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకుంటాడు. ఆ కంపు అమ్మితేనే కదా ఆడు డిప్లొమా చదివింది.

సరే, ఆ పాత మిషను నాకు పంపించు అన్నాను. అది తిరిగితే నేనిక్కడే ఉంటాను, తిరక్కపోతే నీ ఇంటికొచ్చేస్తాను, మళ్ళీ గంప ముట్టుకోను. నవ్వేడు. వచ్చే ఆదివారం వస్తాను, సంచి సర్దుకుని ఉండు అన్నాడు. ఆటోలో వేయించి పంపించేడు, ఉల్లితొక్కలతో సహా.

ముందు ఓ మెకానిక్కుని పిలిచేను. వచ్చేడు, టీ తాగేడు, మూత ఎత్తి చూసేడు. మోటారు పోయిందండి, సామాను దొరకదండి, పాత ఇనప సామానోడికి ఇచ్చెయ్యండి అన్నాడు. వెనకాల విప్పి చూడవా బాబూ అంటే, అక్కర్లేదండి, మా కంటికి తెలిసిపోద్దండి అంటాడు. మీ తాత ఉన్నప్పుడు కూడా ఇలాంటోడే ఒకడుండేవోడు, పడవ ఎక్కడు, ఒడ్డు మీద నించుని ఇంజను జాతకం చెప్పేవోడు. ఆడు మీ తాతకి పిన్ని కొడుకు... ఆడి గొడవెందుకులే.

నేనే విప్పేను. ముందు ప్లగ్గు పీకేసేన్లే, అంత తెలివితక్కువదాన్ని కాదు. వెనకాల నాలుగు మరలు. కాదు, ఆరు, రెండు తుప్పుకి ఊడిరాక విరక్కొట్టేను. లోపలేముందనుకున్నావ్, బ్రహ్మవిద్యా? ఓ మోటారు, ఓ చక్రం, రెంటికీ కలిపి ఓ బెల్టు, కుట్టుమిషనుకి ఉంటాది చూడు, అలాగే. బెల్టు జారిపోయుంది, ఎక్కించేను. అయినా తిరగదు. గుయ్యిమంటాది, అక్కడే ఉంటాది, చిన్నప్పుడు మీ నాన్నని బడికి లేపితే మూలిగినట్టు. తొట్టి అడుగున తిరిగే బిళ్ళ ఊడదీస్తే, దాని కింద మీ నాన్న చొక్కా గుండీలు ఏడున్నాయి. గుండీలు ఊడగొట్టేస్తన్నావని పాపం ఇస్త్రీ వీరన్నని ఎన్ని తిట్లు తిట్టేడో. ఆ కింద ఇరుసు తుప్పు పట్టి బిగుసుకుపోయుంది.

నూనె పొయ్యాలి. అటక మీద మీ తాత వదిలెళ్ళిన సొరచేప నూనె డబ్బా ఉంది. ఉప్పునీళ్ళకి కుళ్ళకుండా చెక్క పడవకి పూసేవోళ్ళం కదా, అది. అప్పట్లో డబ్బా పన్నెండు రూపాయలు... పద్నాలుగేమో. మీ తాత పోతా పోతా నాకిచ్చిన ఆస్తి అదే. సముద్రాన్నే ఆపిన నూనె, పిడికెడు తుప్పుకి చాలదా అనుకున్నాను. పోసి రెండ్రోజులు నాననిచ్చేను. చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది. నూకరత్నం పిల్లి వచ్చి మిషను చుట్టూ తిరగడం మొదలెట్టింది. అప్పుడన్నా నాకు వెలగొద్దూ? వెలగలేదు.

ఆదివారం మీ నాన్న బండి మీద వచ్చేడు. దార్లో రొయ్యల లారీ చిమ్మి, నెత్తి దాకా బురద. బాగుందిరా, ఆ బట్టలే విప్పు అన్నాను. మీ తాత లుంగీ కట్టుకుని కూర్చున్నాడు, ఆడి ఎదురుగానే ఉతికేను. ఓ తొట్టిలో తిరిగేయి, రెండో తొట్టిలో పిండుకున్నాయి. ఆడి మొహం చూడాలి. ఆరేక అవే తొడుక్కుని ద్రాక్షారామం వెళ్ళేడు. మీ అమ్మా, మీ అమ్మమ్మా అక్కడ గుళ్ళో ఎదురుచూస్తన్నారు. నువ్వు హాస్టల్లో ఉన్నావులే.

దర్శనం లైన్లో చెమట పట్టిందంట, దాంతో సొరనూనె కంపు లేచింది. ముందరోడు వెనక్కి చూసేడంట, వెనకోడు దూరం జరిగేడంట. మీ అమ్మమ్మ కొంగు ముక్కుకి పెట్టుకుందంట. మీ నాన్నేమో, గుళ్ళోకి చేపలెవరు తెచ్చేరండీ అని అందర్నీ అడుగుతన్నాడంట. ఆఖరికి మీ అమ్మే చెప్పింది, అది మీ చొక్కానే అని. నా గుమ్మంలో అంత పనిచేసే ముక్కుకి, ఒంటి మీద చొక్కా తెలీలేదు. పుట్టిన వాసన కదా, తనదని ముక్కు ఒప్పుకోదు.

అక్కణ్ణుంచే ఫోను. పరువు తీసేవమ్మా అని ఒకటే అరుపు. అరవనిచ్చేను. అయ్యేక అడిగేను.

"మిషను తిరిగిందా, లేదా?"

గొంతు దించేడు.

"తిరిగింది."

"అయితే ఫోను పెట్టెయ్."

నూనె పొయ్యడం తప్పే, నాదే. లోపల ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు అరిగిపోయి, నూనంతా నీళ్ళలోకి దిగిపోయింది. రబ్బరు మార్చేను, వేన్నీళ్ళూ చాకలిసోడా పోసి ఐదుసార్లు ఉత్తినే తిప్పేను, సైకిలు షాపులో గ్రీజు అడిగి తెచ్చి రాసేను. పిల్లి రావడం మానేసింది.

పోయిన నెల మీ కొత్త మిషను ఆగిపోయిందంట. దుప్పట్లు మూట కట్టుకుని మీ నాన్న వచ్చేడు. అందులో బోర్డు పోయిందని మెకానిక్కు చెప్పేడమ్మా అన్నాడు. విప్పి చూసేడా అన్నాను. లేదు, మూత ఎత్తి చూసేడు అన్నాడు. దుప్పట్లు ఉతికిచ్చేను. కర్చీఫు మాత్రం జేబులోంచి తియ్యలేదు, చూసేన్లే.

చల్లగా ఉండు తల్లీ. ఎవడన్నా మూత ఎత్తి చూసి పోయిందంటే నమ్మకు, వెనక్కెళ్ళి విప్పు. ప్లగ్గు పీకేసి. ఇంక ఆ ఫోను ఆపి ఈ గంపకి ఓ చెయ్యెయ్యి, తుని ఆటో వచ్చేస్తాది... అటుపక్క పట్టుకో, అటు కాదే...