నిద్రమొగం తుపాకి

మద్దిలేటి అని ఒగడుండె. మంచోడే, కాకపోతే వానికి నిదానం అనేది పుట్టుకతోనే ల్యా. అన్నం ఉడకకముందే కంచం ముందర కూసునే రకం అనుకో. వాళ్ళ నాయిన సచ్చిపోతా వానికి రెండే ఇడిసిపెట్టె. అడివి అంచున సెనిక్కాయ చేను ఒగటి, పాత తుపాకి ఒగటి. ఆ తుపాకి ఎట్లాంటిదంటే, గొట్టంలో మందు పోసి, గుప్పెడు సీసం రవ్వలేసి, కడ్డీతో దట్టించాల. గుర్రం, అదే పేల్చే మీట, నొక్కితే టక్కుమంటాది, అంతే, ఏమీ కాదు. రోంతసేపు కునికి, అప్పుడు పేలుతాది. అందుకని ఊర్లో దానికి నిద్రమొగం తుపాకి అని పేరు. నవ్వగాకండి, ఉండే మాటే చెప్తాండా. ఆ ముసలాయన మాత్రం దాంతోనే ముప్పై ఏండ్లు చేను కాపాడె. పందులొస్తే గురి పెట్టి, గుర్రం నొక్కి, 'ఓబులం నరసింహసామీ, నువ్వే దిక్కు తండ్రీ' అనేవాడంట. ఆ మాట అయ్యేసరికి ఢామ్మనేది. ఊరోళ్ళు ఏమనుకుండ్రంటే, ముసలాయనకి బో భక్తి, సామే పేలుస్తాండాడు అని.

మద్దిలేటి గూడా అట్లే అనుకున్యాడు. వానికి అంత పేరు చెప్పే ఓపికేది? గుర్రం నొక్కె, టక్కుమనె, థూ అని కిందికి దించె, అప్పుడు పేలె. కాళ్ళకాడ ఉండే అంబలి కుండ పగిలిపాయ. కాలు పోలే, అదే గొప్ప. ఇంగ ఇది నాకొద్దు అని, పక్క ఊరి కంబగిరికి ఒగ పొట్టేలుకి ఇచ్చేసె. ఆ పొట్టేలునీ, ఇంట్లో పాలిచ్చే ఎనుమునీ, అదే బర్రెనీ, టౌనుకు తోలుకోని పోయి, ఎవనికో ఇచ్చి, తళతళమనే రైఫిలు తెచ్చె. పెండ్లాం సుంకులమ్మ వాకిట్లో నిలబడి, 'ఎనుమేదయ్యా?' అనె. 'ఇదే' అని రైఫిలు సూపిచ్చె. ఆయమ్మ కడుపు ఎట్ల మండిందో నేను చెప్పల్నా?

ఏమైందంటే, ఆ యేడు పందులు మందకు మంద దిగె. మూడు దినాల్లో సగం చేను తవ్వి పోసె. పొద్దు గూకే యాళకి మద్దిలేటి రైఫిలెత్తి కాల్చె. ఒగటే గుండు గదా, రెండు పందుల నడాన పోయి మట్టిలో పడె. రెండోది ఏద్దామంటే ఖాళీ తూటా లోపల్నే పట్టుకునె, రాలే. పుల్లతో పొడుస్తా కూసునె వీడు. పందులు కాయలు నములుతా సూస్తాండాయంట వీని తిక్క! ఆ మిగిలిన సగం గూడా పోతే ఇంట్లో తిండీ ల్యా, మల్ల యేడుకి విత్తనమూ ల్యా. నాయిన తుపాకి అమ్ముకుంటినే అని తల పట్టుకోని ఏడ్చె. 'పోయి తెచ్చుకో' అనె సుంకులమ్మ. 'ఎట్ల తెచ్చేది మేయ్? తువ్వాల కింద చెయ్యి పట్టి బేరం చేసినా. తువ్వాల తీసినాక, అంటే బేరం తెగినాక, మల్లా అడిగితే నా మొగాన ఉమ్ముతారు' అనె. 'తువ్వాల కింద ఉండేది నీ చెయ్యి, నాది కాదు' అని, ఆయమ్మ రైఫిలు బుజాన ఏసుకోని ఎల్లబారె.

ఆడ కంబగిరి గూడా ఏడుస్తాండాడు. నేను దించినాక పేలుతాదమ్మా, మా ఇంటి పెంకులు పాయ, బంగారట్లా పొట్టేలు పోగొట్టుకుంటి అని. రైఫిలు సూడంగానే వాని కండ్లు మెరిసె. 'ఇది నీకిస్తా కంబగిరన్నా, ఆ నిద్రమొగం దాన్ని నాకియ్యి. దాంతో పాటు సూడి ఎనుము ఒగటియ్యి' అనె. వాడు గొణిగె. ఆయమ్మ గడప మింద కూసునె, లేయలే. నీళ్ళిస్తే తాగలే. 'ఎనుము లేకుండా నేను పోనన్నా' అని ఒగటే మాట. మద్యానానికి ఇచ్చేసె, పాపం, ఏం జేస్తాడు?

ఇంటికొచ్చి ఎనుమును కట్టేసి మొగునితో అనె, 'మీ నాయినకి చేనికాడికి సంగటి మోసినదాన్ని నేను. సామి పేరు అయిందాకా దించగాకమ్మా, కదలగాకమ్మా అని నాకు చెప్పేవాడు. అది ఉత్త భక్తి కాదయ్యా, కొలత' అని. మందు దట్టించుకోని, పొద్దు గూకే యాళకి గట్టు మింద మోకాలేసి కూసునె. మంద దిగె. ముందర పేద్ద మగపంది. గురి పెట్టి నొక్కె. టక్కు. ఆ సప్పుడికి పంది ఈ తట్టు తిరిగె, ఉరికె. మద్దిలేటి ఎనకాల నుంచి 'పారేసి పరిగెత్తు మేయ్!' అని అరిసె. కదిలితే గదా! 'ఓబులం నరసింహసామీ' అనె, పంది వస్తాంది. 'నువ్వే దిక్కు' అనె, పంది ఇంగా వస్తాంది. 'తండ్రీ' అనె. ఢామ్! ఆయమ్మ ముందర మూరెడు దూరంలో పడె అది. మంద అడివిలోకి పడి పరిగెత్తె, మల్ల ఆ యేడు ఆ చేనికి రాలే.

ఊరోళ్ళంతా వచ్చి సామి మహిమ అని దండాలు పెట్టి పాయిరి. వాళ్ళు పోయినాక మద్దిలేటి 'మీదికొస్తాంటే నీకు బయ్యం కాలేదా మేయ్?' అనె. 'ఎందుకు కాలే? సామి పేరు రోంత పొట్టిగా ఉంటే బాగుండు అనుకుంటి' అనె ఆయమ్మ. మా అవ్వ చెప్పిన కత ఇది. నేనైతే 'ఓబులం' కాడ్నే పరిగెత్తేవాన్ని, మీ సంగతి మీరే సూసుకోండి.