డ్రమ్ముల బెల్లం

కొడిమ్యాల చెలకల, బాయికాడ మూతేసిన డ్రమ్ము పక్కన మొగన్ని నిలవెట్టి అడిగింది ప్రేమలత. ఇంట్ల బెల్లం మాయమైనకాన్నుంచి ఆమెకు అనుమానమే.

"మల్ల గుడుంబ వెడుతున్నవా?"

"గుడుంబ గాదే. మక్క ఏర్లకు పోసే బ్యాక్టీరియా. బెల్లం నీళ్లల్ల పెరుగుతది."

"బెల్లం తాగే మందా? నా చెవుల పువ్వు వెడుతున్నవా?"

"ఎడారి ఇసుకలకెల్లి తీసిన్రట. నీళ్లు తక్కువైనా మక్క ఎండదని యవుసాయం సార్లన్నరు."

"నిన్న మూత తీస్తే గా పులిసిన వాసనేంది మరి?"

"పెరిగేటప్పుడు గట్లనే అస్తది. నీ మీద ఒట్టు."

"పోయినేడు గూడ నా మీదనే ఒట్టేసినవ్. పోలీసులచ్చి డ్రమ్ము పలగ్గొట్టిన్రు."

"గప్పుడు తప్పే. గీ డ్రమ్ముల ఉన్నయి పానమున్న జీవులే. ఇయ్యాల పొయ్యకుంటే మక్క దక్కదు."

ప్రేమలత మొఖం వాడిపోయింది.

"పానమున్నయా? బాయిల ఏసే బ్లీచింగ్ పౌడర్, పొద్దుగాల్నే డబ్బ మొత్తం దాంట్ల పోసిన గదయ్యా!"